రాణిగారి ఆఖరి రంగం

మా నాన్న ముప్పై ఏళ్ళు రాజుగా ఉన్నాడు. ఏడాదికి ఒక్క రాత్రి. మిగతా రోజుల్లో ప్రత్తిపాడు దగ్గరి ఒక పల్లెలో పత్తి, మిరప వేసేవాడు. ఆ రెండు పైర్లలో ఏదీ ఆయన ఆజ్ఞలను పెద్దగా పట్టించుకునేది కాదు.

నాటకం పేరు రాయను. మనుషుల పేర్లూ రాయను. మా ఊళ్ళో అందరికీ చదవడం వచ్చు, వాళ్ళకు మా ఇంటి అడ్రసూ తెలుసు.

కథ చిన్నదే. కరువు కాలం. కోట లోపలి బావిలో మాత్రమే నీళ్ళు మిగిలాయి. కోట తలుపు తెరిచినవాడికి మరణశిక్ష అని రాజు నిండు సభలో మాట ఇస్తాడు. ఒక రాత్రి ఎవరో తలుపు తీసి, దాహంతో పడి ఉన్న పల్లె జనాన్ని లోపలికి రానిస్తారు. తీసింది రాజుగారి ఒక్కగానొక్క కొడుకని తేలుతుంది. రాజు అంతఃపురం తలుపులు మూయించి, మాట నిలబెట్టుకుంటాడు. తర్వాత కొడుకు శవం ముందు కూర్చుని పద్నాలుగు పద్యాల్లో ఏడుస్తాడు. అప్పుడు మూసి ఉన్న ఆ తలుపు వెనక్కి రాణి వస్తుంది.

వచ్చి ఏమంటుందో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

కారణం మా నాన్న గొంతే. ఆ పద్నాలుగు పద్యాల్లో ఒక్కోదానికి కనీసం ఒక వన్స్ మోర్ పడేది. రెండు పడినా ఆయన కాదనేవాడు కాదు. అసలు పడకపోతే పడిందేమో కనుక్కోమన్నట్టు హార్మోనియం వాయించే ఆయన వైపు చూసేవాడు. పద్నాలుగోది అయ్యేసరికి తూరుపు తెల్లబడేది. జనం పాలు పితకడానికి లేచిపోతుంటే, కమిటీ పెద్ద దండ పట్టుకుని స్టేజీ ఎక్కేవాడు, మంగళం పాడేసేవారు. రాణి అప్పటికే తెల్లచీర కట్టుకుని తెర పక్కన నిలబడి ఉండేది. ప్రతి ఏడూ నిలబడేది. ప్రతి ఏడూ అటునుంచి అటే వెళ్ళి కొబ్బరినూనెతో రంగు తుడుచుకునేది.

రాణి వేషానికి గుంటూరు నుంచి ఒకావిడ వచ్చేది. పగలు కోల్డు స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పని, ఆదివారాలు చర్చిలో పాట, తిరునాళ్ళ రోజుల్లో రాణి. రంగం మీద నాన్నకు భార్య, కిందికి దిగితే చెల్లెలు. ఆయన 'చెల్లెమ్మా' అనేవాడు గనక నాకు అత్తయ్య అయింది. చిన్నప్పుడు ఒకసారి అడిగాను, "నువ్వు చివర్లో వచ్చి ఏం చెప్తావత్తయ్యా?" అని. "మీ నాన్న ఊపిరి తీసుకున్నప్పుడు చెప్తాలే," అంది.

నేను గుంటూరులో ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా మేడమ్ ఒక రోజు డిపార్ట్‌మెంటు టీవీకున్న చెక్కపెట్టె తాళం తీయించి మాకొక సినిమా చూపించింది. మా సిలబస్‌లో ఉన్న ఒక పాత విషాద నాటకమే. అయితే అందులో మధ్యలోనే చనిపోయే ఒకమ్మాయి వైపు నుంచి తీశారు. పరీక్షల్లో ఆ అమ్మాయి మీద ఎప్పుడూ నాలుగు మార్కుల ప్రశ్నే వచ్చేది, కథానాయకుడి మీద పదహారు. సినిమాలో ఆయన గొప్ప ప్రసంగాలన్నీ పక్క గదిలోంచి వినపడుతుంటాయి. ఈమె జడ వేసుకుంటూ ఉంటుంది. కెమెరా ఈమె దగ్గర్నుంచి కదలదు.

అరగంట ఓపిక పట్టి వెనక బెంచీ అతను అడిగాడు. "మేడమ్, హీరో ఎప్పుడొస్తాడండీ?"

"వచ్చి చాలాసేపయింది. తలుపవతల ఉన్నాడు. ఆ అమ్మాయికి ఎంత వినపడితే మీకూ అంతే వినపడుతుంది," అంది మేడమ్.

ఆ ఏడాదిలో ఆమె అలాంటివి మరో మూడు చూపించింది. అన్నీ బాగున్నాయని చెప్పను. ఒకదాంట్లోని అమ్మాయి కత్తి తీసుకుని కనపడిన ప్రతివాణ్ణీ నరికేసింది. మా క్లాసుకు అది బాగా నచ్చింది. నాకు మాత్రం మళ్ళీ రాజుగారి సినిమానే చూసినట్టనిపించింది, రాజుగారు చీర కట్టుకున్నారు, అంతే. నచ్చినవాటిలో ఎవరూ కత్తి పట్టలేదు. పెద్దవాళ్ళు ప్రాణాలు తీసుకున్నాక ఆ నేల ఎవరు కడుగుతారో, వాళ్ళ పక్కన కెమెరా పెట్టారు. కెమెరా జరిగింది నాలుగు గజాలే. కథ మొత్తం ఇంకొకటయింది.

అలాంటి సినిమా చూసొచ్చిన సాయంత్రాలు హాస్టల్లో కూర్చుంటే నాకు తెర పక్కన తెల్లచీరలో నిలబడ్డ మనిషి గుర్తొచ్చేది. పరీక్షలు రాశాక, జూన్‌లో, ఆమెను వెతుక్కుంటూ మిరపకాయల షెడ్డుకు వెళ్ళాను.

తొడిమలు తీసే చోట కొత్తవాళ్ళు తుమ్మకుండా ఒక వాక్యం పూర్తి చేయలేరు. నేను సుమారు పది తుమ్ముల్లో సంగతి చెప్పాను.

"సినిమానా? నాకే వేషం?"

"రాణి."

"మళ్ళీ రాణేనా. ఈసారన్నా ఆఖరిదాకా ఉంటానా, మంగళం పాడేస్తారా?"

"నీ ఆఖరి రంగంతోనే అయిపోతుంది. అసలు కెమెరా నీ గదిలోంచి బయటికి రాదు."

"మీ నాన్నకు చెప్పావా?"

"ఇంకా లేదు."

"మంచి పని చేశావు. చెప్తే పద్యం ఎత్తుకుంటాడు."

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. అత్తయ్య నవ్వలేదు. అప్పుడు గమనించాను, ఆమె గొంతు బొంగురుగా ఉంది. చేతిలో కాయ ఆపకుండానే చెప్పింది. గొంతులో బుడిపె ఉందట. వచ్చే నెలాఖరుకు ఆపరేషన్ చేస్తారట. కోశాక మాట వస్తుందిగాని పాట సంగతి చెప్పలేమన్నారట.

"ముప్పై ఏళ్ళుగా కడుపులో పెట్టుకు తిరుగుతున్నానమ్మాయ్ ఆ రంగాన్ని. ఒక్కసారి మొదట్నుంచి చివరిదాకా, ఎవరన్నా చూస్తుండగా చెప్పెయ్యాలి. ఆ తర్వాత ఈ గొంతు ఎటన్నా పోనీ."

"అసలు ఏముంది దాంట్లో?"

"ఇక్కడ తొడిమలు తీస్తా చెప్పే మాటలు కావవి. కెమెరా తెచ్చుకో, చెప్తాను."

ఆ రంగం వేరే ఎక్కడా దొరకదు. మా వైపు నాటకం పుస్తకం మొత్తం ఎవరి దగ్గరా ఉండదు. ఎవరి పోర్షన్ వాళ్ళు నోటుబుక్కులో ఎక్కించుకుంటారు. ఎదుటివాడి ఆఖరి ముక్క మాత్రం అందుకోవడానికి రాసుకుంటారు. పుస్తకం ఉన్న పాత నాటకాల మాస్టారు, పుస్తకంతో సహా ఎప్పుడో పోయాడు. నాన్న నోటుబుక్కులో చివరి పేజీ చూశాను. పద్నాలుగో పద్యం కింద బ్రాకెట్లో ఇలా ఉంది: (రాణి వచ్చును. మాట్లాడును. రాజు కూలబడును.) ముప్పై ఏళ్ళలో మా నాన్న ఒక్కసారి కూడా కూలబడలేదు.

ఆయనకు చెప్పడానికి అన్నాల వేళ చూసుకున్నాను.

"రాజు కథలో రాణి ఉంటుంది గానీ, రాణి కథలో రాజేం చేస్తాడే?" అన్నాడు నాన్న.

"తలుపవతల ఉంటాడు."

"ఎంతసేపు?"

"సినిమా అంతా."

పెరుగు వడ్డిస్తున్న అమ్మ ఆగింది. "కనపడకుండానా?" అంది. గొంతులో కాస్త ఆశ ఉంది.

"కనపడడు. వినపడతాడు."

"అసలు బాధ అదే గదే," అంది అమ్మ.

నాన్న మూడు రోజులు ఆలోచించి షరతు పెట్టాడు. పద్నాలుగు పద్యాలూ పాడతాడు, ఒక్కటీ తగ్గడు. "అన్నీ పాడు నాన్నా, తలుపు వేసే ఉంటుంది," అన్నాను. అది ఒప్పందమో కాదో ఆయనకు పూర్తిగా తేలలేదు.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు గనక సత్తెనపల్లి నుంచి ఒక పెళ్ళిళ్ళ వీడియో ఆయన దొరికాడు. నలభై దాటిన సాయిబు. పొద్దున బస్సు దిగి, కెమెరా సంచీ చంటిబిడ్డలా ఎత్తుకుని వచ్చాడు. మూతబడి ఉన్న జిన్నింగు మిల్లులో పాత ఆఫీసు గది మా అంతఃపురం. దానికి మంచి టేకు తలుపు ఉంది. దూలాల మీద పోయిన సీజను దూది ఇంకా వేలాడుతోంది. గాలి వస్తే కొంచెం కొంచెం రాలుతోంది.

"మంచు ఎఫెక్టు వచ్చేసిందండి, మిక్సింగులో వెయ్యక్కర్లేదు," అన్నాడాయన సంతోషంగా. తర్వాత, "రాణిగారు ఏడ్చేటప్పుడు వెనకాల జలపాతం వేద్దామా మేడమ్?"

"ఆమె ఏడవదండీ."

"ఏడవదా? పెళ్ళికూతురు ఏడవకపోతే క్యాసెట్టు వెనక్కి పంపిస్తారండి మాకు."

ఆయన్ను తక్కువగా అంచనా వేశానని మొదటి గంటలోనే తెలిసింది. నేను కెమెరా గది మధ్యలో పెట్టమన్నాను. ఆయన చుట్టూ చూసి, తలుపు పక్క మూలకు వెళ్ళి, నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. "పెళ్ళికూతుర్ని చేసే గదిలో ముసలమ్మలు ఇక్కడే కూర్చుంటారండి. ఎవరికీ అడ్డం ఉండరు, అన్నీ కనపడతాయి. నేనూ ఇరవై ఏళ్ళుగా వాళ్ళ పక్కనే కూర్చుంటున్నా." సినిమాలో చెప్పుకోదగ్గ నిర్ణయం అదొక్కటే. నాది కాదు.

రెండు రోజులు బాగానే గడిచాయి. అత్తయ్య మాట్లాడేది కాదు. గొంతు దాచుకోవడానికి బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని సైగలతో పని నడిపేది. నాన్న తలుపవతల కుర్చీలో కూర్చుని గోడకు పాడేవాడు. అవతల తీర్పు నడుస్తుంటే ఇవతల రాణి ఏం చేయాలని అడిగాను. అత్తయ్య లేచి తలుపు దగ్గరికెళ్ళి రెండు అరచేతులతో దబదబా కొట్టింది. నాకు ఆ చప్పుడు ఎక్కడో విన్నట్టనిపించింది. స్టేజీ మీద ఆ రంగంలో డోలక్ అలాగే మోగేది. అది రాజుగారి గుండె చప్పుడని మేమందరం అనుకునేవాళ్ళం. ఆయన కూడా అలాగే అనుకునేవాడు.

తలుపవతల పద్యం ఆగింది. "చెల్లెమ్మా, నా రాగానికి అడ్డం వస్తోంది."

"వస్తది అన్నగారూ," అంది కరక్కాయ పక్కకు నెట్టి. "అందుకే కొట్టేది."

ఆయన ఏడుపు పద్యాలకు మాత్రం ఆమె ఏమీ కొట్టలేదు. కుండల్లోకి నీళ్ళు వంచింది. ఒకటి, రెండు, మూడు. పద్నాలుగు పద్యాలూ అయ్యేవరకూ వంచుతూనే ఉంది. ఎందుకని అడిగితే, "చావింట్లో నీళ్ళు తోడేదెవరు?" అంది.

ఆఖరి రంగం మూడో రోజుకు మిగిలింది. నాలుగో రోజు పొద్దున్నే ఆమె ఆసుపత్రిలో చేరాలి. రెండో రోజు రాత్రి తెల్లార్లూ వాన కొట్టింది.

నల్లరేగడిలో పదును వచ్చిందంటే రాజైనా బంటైనా పొలంలోనే ఉండాలి. ఆ పూట గింజ పెట్టకపోతే మళ్ళీ వాన కోసం ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాలి. నేను లేచేసరికి నాన్న చేలోకి వెళ్ళిపోయాడు. ఆయన పద్యాలు ముందురోజే అయిపోయాయి. తను లేకపోయినా తీసుకోవచ్చని అమ్మతో చెప్పి మరీ వెళ్ళాడట.

మిల్లు దగ్గర అత్తయ్య అప్పటికే తెల్లచీర కట్టుకుని కూర్చుంది. "అన్నగారు రారా?" అంది. రాకపోతే తలుపుకే చెప్తుందట. తలుపుకు చెప్పడం తనకు అలవాటేనట. ఆ మాట దెప్పుతున్నట్టు అనలేదు. ఉన్న సంగతి చెప్పింది.

నేను చెప్పులు చేత్తో పట్టుకుని చేలోకి నడిచాను. నాన్న నలుగురు కూలీలతో సాలు వెంట వంగి పత్తిగింజలు పెడుతున్నాడు. పిక్కల దాకా బురద.

"ఇప్పుడు కాదమ్మాయ్, చూస్తున్నావుగా."

"పావుగంట నాన్నా."

"నా పద్యాలు అయిపోయాయి కదే. ఇంక నాకేం పని అక్కడ?"

"వినే పని. ఆవిడ ముప్పై ఏళ్ళు నిలబడి నీవి విన్నది. నువ్వు పావుగంట నిలబడు."

ఆయన మబ్బు వైపు చూశాడు. ఇంకా పెట్టాల్సిన సాళ్ళ వైపు చూశాడు. నేను గింజల సంచీ అందుకుని పక్క సాలు మొదలుపెట్టాను. ఎం.ఏ.లో అది నేర్పలేదు. రెండు సాళ్ళు పెట్టేసరికి నాన్న ఇక చూడలేక లేచాడు. "ఆపు తల్లీ, వస్తాను. ఇంకో సాలు పెట్టావంటే దున్నిపారెయ్యాల్సొస్తుంది." ఆ ఏడు ఆ రెండు సాళ్ళలో మొలకలు వంకరటింకరగా, కాళ్ళకు అడ్డంపడేలా వచ్చాయి. దారినపోయేవాళ్ళు ఆగి, పెట్టిందెవరని అడిగేవారు.

నాన్న కాళ్ళు కడుక్కోకుండానే వచ్చి తలుపవతల నిలబడ్డాడు. తలుపు కింద జానెడు సందు ఉంది. అందులోంచి బురద పాదాలు రెండు కనపడుతున్నాయి. వీడియో ఆయన నన్నడక్కుండానే కెమెరా కొంచెం కిందికి దించాడు.

అత్తయ్య కరక్కాయ ఉమ్మేసింది. మొదటి పద్యం ఎత్తుకుంది. మూడో పాదం పైకి వెళ్ళే చోట గొంతు బట్ట చిరిగినట్టు చిరిగింది. మళ్ళీ ఎత్తుకుంది, అక్కడే మళ్ళీ చిరిగింది. నేను ఆపేయమనబోయాను. ఆమె అరచెయ్యి ఎత్తి నన్ను ఆపింది. ఊపిరి తీసుకుని, రాగం వదిలేసి, ఆ మిగతాదంతా మాటల్లో చెప్పింది. ఎవరితోనో వంటింట్లో మాట్లాడుతున్నట్టు చెప్పింది.

"తలుపు తీసిందెవరని అడిగారు. తాళంచెవి ఇచ్చిందెవరని సభలో ఒక్కరన్నా అడగలేదేం ప్రభూ? పొద్దుపోయాక కోట తాళాలు నా నడుమునే ఉంటాయని మీకు తెలియదా? ఆ రాత్రి గోడ కింద ఒక బాలింత గుక్కెడు నీళ్ళకు ఏడుస్తోంది. నేనే బిడ్డను లేపాను. నేనే చేతిలో తాళం పెట్టాను. చెప్పుకుందామని వస్తే ఈ తలుపు మూసి ఉంది. కొట్టాను. మీ ధర్మానికి నా చప్పుడు వినపడలేదు. ఇప్పుడు సభకు వస్తున్నాను. మీ మాట నాకూ వర్తిస్తుందో లేదో అక్కడ చెప్పండి. తలుపు తీయించండి."

అయిపోయింది. దూది రాలుతోంది. ఇప్పుడు రాజు కూలబడాలి. తలుపు కింద పాదాలు కదల్లేదు. తర్వాత అవతలినుంచి నాన్న గొంతు వచ్చింది, రాజుగారిది కాదు, మామూలు గొంతు.

"చెల్లెమ్మా. ఈ మాట మొదట్నుంచీ ఉందా నాటకంలో?"

"ఉంది అన్నగారూ."

"నాకెవరూ చెప్పలేదే."

"మీరెక్కడ ఆగారు చెప్పడానికి."

నాన్న తలుపు తీశాడు. నోటుబుక్కులో లేని పని అది. ఆమెను చూసి, "పదును పోతోంది," అని చెప్పి చేలోకి వెళ్ళిపోయాడు.

వీడియో ఆయన కెమెరా ఆపడం మర్చిపోయాడు. ఆ ముక్క మిక్సింగులో తీసెయ్యాలా అని తర్వాత అడిగాడు. మా ప్రాంతంలో రాజు అలాంటి ప్రశ్న వెయ్యగా నేను విన్నది అదే మొదలు, ఉంచమన్నాను. అయితే అక్కడ జలపాతం వేద్దామా అన్నాడు.

అత్తయ్యకు ఆపరేషన్ అయింది. మాట వచ్చింది, సన్నగా, పక్కవాళ్ళకు మాత్రమే వినపడేంత. పాట రాలేదు. నెల తర్వాత షెడ్డులో అన్నాల వేళ ఒక టీవీ తెచ్చి క్యాసెట్టు వేశాం. ముప్పై మంది ఆడవాళ్ళు కాయలు ముందేసుకునే చూశారు. తాళంచెవి మాట దగ్గర చేతులన్నీ ఆగాయి. మేస్త్రీ అరవడానికి వచ్చి, అతను కూడా నిలబడ్డాడు.

అయ్యాక ఒకావిడ అంది, "బిడ్డకిచ్చే బదులు తనే తియ్యొచ్చుగా?"

అందరూ అత్తయ్య వైపు చూశారు. "తియ్యొచ్చు," అంది సన్నగా. "నేనూ ముప్పై ఏళ్ళుగా అదే అనుకుంటున్నా." ఆ తగువు సాయంత్రం వరకూ నడిచింది. మా క్లాసులో ఏ సినిమాకూ అంత చర్చ జరగలేదు.

మరుసటి తిరునాళ్ళకు కమిటీ కూర్చున్నప్పుడు, ఆఖరి రంగం ఆడాల్సిందేనని నాన్నే అన్నాడు. టైమెక్కడిదని పెద్దాయన అడిగాడు. నాన్న ఆరు పద్యాలు వదులుకున్నాడు. ఏ ఆరు వదలాలన్నదాని మీద మా ఇంట్లో వారం రోజులు సంతాపం నడిచింది. వసారాలో కూలబడడం కూడా ప్రాక్టీసు చేశాడు గానీ, మోకాళ్ళ వల్ల లేవడానికి ఇద్దరు కావలసి వచ్చేది.

రాణి వేషానికి తెనాలి నుంచి కొత్తావిడ వచ్చింది. గొంతు బ్రహ్మాండంగా ఉంది. ఆ రంగం మాత్రం ఆవిడ ఎప్పుడూ వినలేదు. అత్తయ్య రెండు రోజులు ముందుగా గుంటూరు బస్సు దిగి మా ఇంటికి వచ్చింది. టీవీ ముందు ఇద్దరూ చాప వేసుక్కూర్చున్నారు. అత్తయ్య క్యాసెట్టు ఆపుతూ, ఆవిడ చెవి దగ్గర ఒక్కో మాటా చెబుతూ పోయింది. బాలింత మాట దగ్గరికి వచ్చేసరికి కొత్తావిడ కళ్ళు తుడుచుకుంటూ వెక్కింది. బాగా వెక్కింది, అలవాటున్న మనిషి.

"ఇక్కడ ఏడవకూడదమ్మా," అంది అత్తయ్య.

"బిడ్డ పోయాడు కదక్కా. ఏడవకపోతే జనం ఒప్పుకుంటారా?"

"ఏడిస్తే ఆయన ఓదారుస్తాడు. మనం ఓదార్పుకు రాలేదు. సభకు పోవాలి, దారిమ్మంటున్నాం."

"మరెట్టా నిలబడాలి?"

అత్తయ్య చాప మీంచి లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మా వంటింటి తలుపు వైపు తిరిగి నిలబడి చూపించింది.